డిక్కీ మీద గీత

కొత్త కారు డిక్కీ మీద బెత్తెడు గీత చూడగానే హరీష్‌కి పైప్రాణాలు పైనే పోయాయి.

"కడిగిస్తానంటున్నావని తాళం ఇస్తున్నా. గీత పడిందో, జన్మలో ముట్టుకోనివ్వను" అని పొద్దున్నే బావ వెంకటరత్నం మరీ మరీ చెప్పాడు. టాటీబంధ్‌లో సర్వీసింగ్ షాపులో కడిగించి తెచ్చేటప్పుడు ఏ లారీ రాసుకుందో ఏమో!

"చచ్చేవురా! సాయంత్రం పూజకి ఆయనా అత్తగారూ వచ్చేస్తారు" అంది అక్క వీణ.

"భయపడకే యార్! నా కంప్రెసర్ ఉందిగా."

పాత స్కూటర్లకీ బీరువాలకీ రంగులేసే ఆ కంప్రెసరంటే ఇంటిల్లిపాదికీ నవ్వులాట. ఇవాళ తన తడాఖా చూపించాలి!

డోరు దగ్గర స్టిక్కరు మీది రంగు నంబరు పట్టుకుని పండరీ బజారుకి పరిగెత్తి, అదే మెరుపు ఎరుపు కలిపించి తెచ్చాడు. గీతని తడి గరుకుకాగితంతో నున్నగా రుద్ది, ప్రైమర్ వేశాడు. చుట్టూ హిందీ పేపర్లు అంటించాడు. రంగులో థిన్నర్ పోసి, అడుగున మెరుపు పేరుకోకుండా బాగా కలిపి, వడగట్టి కంప్రెసర్ గన్‌లో నింపాడు. ముందు డబ్బా మూత మీద కొట్టి చూశాడు.

"కలిసిందే అక్కా! అచ్చం అదే!"

ఇక చెయ్యి ఆగలేదు. బుస్‌... బుస్‌... పల్చగా ఒక పూత, ఆరాక ఇంకోటి. పైన మెరుగు కోసం క్లియర్ వార్నిష్ కొట్టేసరికి డిక్కీ అద్దమైపోయింది. మే నెల రాయ్‌పూర్ ఎండ మిగతా పని చూసుకుంది. గీత ఎక్కడుండేదో హరీష్‌కే తెలియడం లేదు. సంతోషం పట్టలేక వంటగదిలోకి వెళ్లి ఓ గంతేశాడు.

సాయంత్రం వెంకటరత్నం కారు చుట్టూ తిరిగి చూశాడు.

"శభాష్! మెరిసిపోతోందిరా. ఇకమీదట తాళం నీ దగ్గరే ఉంచుకో."

హరీష్ ఏనుగెక్కినంత సంబరపడ్డాడు. ఇంతలో నిమ్మకాయలతో వచ్చిన బావ తల్లి గంగాభవాని డిక్కీ దగ్గర ఆగిపోయింది.

"ఏట్రా ఇది? నా గీతేదీ?"

"ఏ గీతమ్మా?" అన్నాడు వెంకటరత్నం.

"కొత్త బండికి దిష్టి తగలకుండా తెల్లారగట్ల నేనే గీసి కాటుక పెట్టేను కదేటి! ఎవడు సెరిపేసేడు?" అంటూ ఆవిడ కొంగుముడి విప్పి మేకు తీసి, బానెట్ వైపు నడిచింది. "పోన్లే, ఈపాలి అందరికీ అగుపడేలాగ గీస్తాను!"