నలభై రెండు చెట్లు, నలభై తొమ్మిది వాటాలు

"సగం నాది!" అని చాప మీద గుద్దాడు బెల్గాసెమ్.

"మూడింట రెండు వంతులు మావి!" అంటూ మరదళ్ళిద్దరూ ఒక్క గొంతుతో లేచారు.

మధ్యలో కూర్చున్న తిజానీ మాస్టారికి తల వాచిపోయింది. దూజ్ ఊళ్ళో ఆస్తి పంపకమంటే లెక్కల మాస్టారిని పిలవడం మామూలే. కానీ శుక్రవారం మధ్యాహ్నం, కుస్కుసు పళ్ళెం ముందు నుంచి లాక్కొచ్చింది మాత్రం వీళ్ళే. వస్తూనే ఆయన, "నీ భార్య మెహ్రేజియాను అల్లా కరుణించాలి. మంచి మనిషని విన్నాను" అన్నాడు. "అదంతా తర్వాత, ముందు లెక్క చూడండి మాస్టారూ" అన్నాడు బెల్గాసెమ్. మొగుడే ఇలా అంటే ఇంక చెప్పేదేముంది!

"పిల్లలు?" అడిగాడు మాస్టారు.

"లేరు."

"ఆమె తల్లిదండ్రులు, అన్నదమ్ములు?"

"ఎవ్వరూ లేరు. మొగుణ్ణి నేను, చెల్లెళ్ళు వీళ్ళిద్దరు. నలభై రెండు ఖర్జూర చెట్లు."

"అయితే ఇద్దరిదీ నిజమే. షరియత్ ప్రకారం మొగుడికి సగం. చెల్లెళ్ళిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు."

"మరింకేం, కూడెయ్యండి!" బెల్గాసెమ్ వేళ్ళు మడిచాడు. "పైన ఒకటీ రెండూ మూడు. కింద రెండూ మూడూ అయిదు. అయిదింట మూడు వంతులు! ఇంకా రెండు వంతులు మిగిలాయి. అవీ నావే."

"అబ్బో! మిగిలింది నీకెందుకు బావా?" అంది పెద్ద మరదలు ముబ్రూకా.

"ఓరి నాయనా! నీకంటే నా అయిదో తరగతి పిల్లలు నయం" అన్నాడు మాస్టారు, చేతిలో పలక మీద అంకెలు వేస్తూ. "కింద అంకెలు వేరైతే అలా కూడకూడదయ్యా. రెండింటినీ ఆరో వంతుల్లోకి మార్చాలి. నీ సగమంటే ఆరింట మూడు. వీళ్ళది ఆరింట నాలుగు. వెరసి ఏడు."

"ఆరింట ఏడా?"

"ఆఁ. నీకు ఇరవై ఒకటి, వీళ్ళకు ఇరవై ఎనిమిది. నలభై తొమ్మిది చెట్లుండాలి."

అంతలోనే చిన్న మరదలు జుహ్రా చెయ్యి చూపిస్తూ లేచింది. "ఆ ఏడు చెట్లూ ఈ బావే కొట్టించి అమ్ముకున్నాడు!"

"ఎవరూ అమ్ముకోలేదు తల్లీ! వాటాలు ఇలా మించిపోతే తోటను ఆరు కాదు, ఏడు భాగాలు చేయమని పెద్దలు ఎప్పుడో తేల్చారు. ఇతనికి మూడు భాగాలు, పద్దెనిమిది చెట్లు. మీకు నాలుగు, ఇరవై నాలుగు."

"నా సగంలో మూడు చెట్లు కోస్తారా?" బెల్గాసెమ్ లబలబలాడాడు.

"మాకు నాలుగు పోయాయి, మేం ఏడుస్తున్నామా?"

"బావి పక్క చెట్లు మాత్రం నావే!"

"నీ మొహం, అవి మావి!"

మాస్టారు పలక చంకలో పెట్టుకుని లేవబోయాడు. బెల్గాసెమ్ ఆయన చొక్కా పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టాడు. అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. ఒక ముసలావిడ మందుల సంచీతో గడపలో నిలబడి, పలక మీద అంకెలు తేరిపార చూసింది. ముగ్గురి గొంతులూ టక్కున ఆగిపోయాయి.

ఇంకో వారసురాలు దిగబడిందనుకున్నాడు మాస్టారు. మళ్ళీ మొదటినుంచి కూడాలి కాబోలని ప్రాణం ఉసూరుమంది.

"నీ వాటా ఎంతమ్మా?" అన్నాడు నీరసంగా.

"నలభై రెండూ" అందావిడ. "జ్వరమొస్తే ఆస్పత్రికెళ్ళానంతే మాస్టారూ. మెహ్రేజియా నేనే."