ఎత్తు

“ఇది కొండా, బోర్లించిన గిన్నా?” అంది భార్య, అతని భుజం మీంచి కంప్యూటర్లోకి తొంగి చూసి.

అంతే, ఇంట్లో రాజుకుంది.

మొగుడూ పెళ్ళాలది ఒకటే పని. దిమ్మె మీద దిమ్మె పేర్చి ఆడే కంప్యూటర్ ఆటలకి ఊళ్ళూ కొండలూ కట్టిపెడతారు. ఇళ్ళు ఆమె వంతు, కొండలు అతని వంతు. అందుకే ముద్దొచ్చినా కోపమొచ్చినా అతన్ని కొండలరావు అంటుంది.

ఈసారి ఒక ఆట కంపెనీ అడిగింది చుట్టూ కొండలున్న లోయ, లోయలో ఊరు. సాయంత్రానికల్లా పంపాలి. నచ్చితే ఆ ఆట మొత్తం వీళ్ళ చేతికొస్తుంది. నచ్చకపోతే కొండలరావు వెళ్ళి బావమరిది సిమెంటు కొట్లో కూర్చోవాలి. ఆ కొట్టు తలుచుకుంటేనే అతనికి ఊపిరి సలపదు.

“ఎత్తు చాలదయ్యా కొండలరావూ! దీన్ని చూసి ఎవడు జడుస్తాడు?”

“ఆటలో మనిషి ఒక్క దిమ్మె ఎత్తే ఎగరగలడు. రెండయితే గోడే. నీ మాట విని లేపితే ఊళ్ళోవాళ్ళు బయటికెలా వస్తారు?”

“అది చూసుకోడానికే కదా నువ్వున్నది!”

పాలు తెస్తానని ఆమె విసురుగా లేచింది. “ఫోన్లోంచి ఆటలోకొచ్చి చూస్తూనే ఉంటా” అని చెప్పి మరీ వెళ్ళింది.

కొండలరావు తన ఫోన్ నోరు నొక్కి దిండు కింద పారేశాడు. ఆటలో మాట్లాడుకునే మైకు కూడా ఆపేశాడు. ఇక ఆమె మాట ఇతనికి వినిపిస్తుంది, ఇతని మాట ఆమెకి వినిపించదు. అలిగినవాడికి అంతకంటే సుఖమేముంది!

దానికి తోడు కరెంటు పోయింది. కంప్యూటరూ నెట్టూ బ్యాటరీ మీద బతికిపోయాయి గానీ ఫ్యాను ఆగింది. గది కుంపట్లా ఉంది.

కాసేపటికి చెవికున్న ఇయర్‌ఫోన్లో గరగర. ముక్కలు ముక్కలుగా ఆమె గొంతు.

“...ఎత్తు...”

వదలదే! పళ్ళు నూరుతూ కొండ మీద ఇంకో వరస వేశాడు.

“...ఎత్తు బాబూ... నీకు దణ్ణం పెడతా...”

వెటకారం ఒకటి! ఇంకో నాలుగు వరసలు లేపాడు.

“...ఇరుకు... గాలాడట్లేదు...”

ఏ లోయ కట్టినా ఆమె అనేది ఇదే. కొండల్ని నాలుగు వైపులా సరిహద్దు దాకా వెనక్కి నెట్టాడు. ఇక వాలుకి చోటు లేదు. దిమ్మెలు నిటారుగా లేచాయి.

“...పైకీ లేదు, కిందికీ లేదు... మధ్యలో...”

“ఒక్క మాట మీద నిలబడవు కదా!” అని గోడకేసి అరిచాడు. ఆట ఒప్పుకున్నంత ఎత్తుకీ లేపేశాడు.

చివరికి ఊళ్ళో ఒక బొమ్మ మనిషిని దింపి చూశాడు. వాడు ఒక పక్కకి పరిగెత్తాడు. గుద్దుకున్నాడు. ఎగిరాడు, పడ్డాడు. ఇంకో పక్కకి పరిగెత్తాడు. మళ్ళీ అదే. అది లోయ కాదు, బావి. కొండలరావుకి వాడి స్థానంలో, సిమెంటు బస్తాల మధ్య, తనే కనబడ్డాడు.

“...నేనిక్కడే చచ్చేలా ఉన్నాను...” అంది గొంతు.

“నేను మాత్రం బతికున్నానా!” అన్నాడు.

అంతా మళ్ళీ మొదటికి తేవచ్చు. టైముంది. కానీ పట్టుదల ఊరుకోనిచ్చిందా? నీ ఎత్తు నీకే, అనుభవించు, అనుకుంటూ ఆ బావినే పంపేశాడు.

అప్పుడే ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే వాచ్‌మన్. అయిదంతస్తులూ మెట్లెక్కి వచ్చి రొప్పుతున్నాడు.

“సార్, మేడమ్ గంట నుంచీ లిఫ్టులో ఇరుక్కుపోయి, మీరు ఫోన్ ఎత్తట్లేదని లోపల్నుంచి ఒకటే కేకలు!”