వాల్వు వేడెక్కేదాకా

నారిన్ పట్టణంలో ఎసెన్‌బాయ్ స్వహస్తాలతో కట్టిన హెడ్‌ఫోన్ ఆంప్లిఫయరుకు తొలిసారి విద్యుత్తు అందిన ఘడియ ఇది. గతించిన తల్లి మాటకు మళ్లీ ప్రాణం పోయవలసిన ఘడియ.

తన పెళ్లినాటి క్యాసెట్టులో ఆమె దీవెన వినీ వినబడని గొణుగుడు. నచ్చని సంబంధం గనుకనే అమ్మ ఆనాడు ముఖం తిప్పుకొని శపించిందేమోనని ముప్పై ఏళ్లుగా అతని శంక. అది తేల్చుకొనడానికే పాత రేడియోలోని గాజుబుడ్డి వాల్వుకు కొత్త ట్రాన్సిస్టర్లు జతచేసి, నెలరోజులు శ్రమించాడు.

వాల్వు ఇంకా ఎర్రబడలేదు. అతని చేయి మాటిమాటికీ హెడ్‌ఫోన్ల తీగ మీదికే పోతున్నది.

"వేడెక్కకముందే తగిలిస్తే మాడిపోతాయని నువ్వేగా చెప్పావు! ముప్పై ఏళ్లు ఆగావు, అర నిమిషం ఆగలేవా ముసలాయనా?" అన్నది భార్య బురుల్.

"తిట్టి ఉంటే?"

"తిడితే నన్నే కదా! నీకెందుకయ్యా ఈ చెమటలు?"

వాల్వు వెలిగింది. అతడు తీగ తగిలించి, టేపు తిప్పి విన్నాడు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు.

"ఏమందీ?" ఈసారి ఆగలేకపోయింది బురుల్.

"ఆవేళ నువ్వెక్కడ కూర్చున్నావే?"

"ఇంకెక్కడ, కొత్త కోడలిని, తెర వెనకాలే. ఏడుపులో ఒక్క ముక్కా చెవిన పడలేదు."

అమ్మ ముఖం తిప్పినది ఆ తెర వైపే. అతడు టేపు మళ్లీ మొదటికి తిప్పి, హెడ్‌ఫోన్లు తీసి భార్య తలకు తొడిగాడు. అందులో అమ్మ గొంతు:

"ఏడవకమ్మా బురుల్. నాకు లేని కూతురివి నువ్వు. నీ పొయ్యి ఆరకుండుగాక! నీ బిడ్డలూ, వారి బిడ్డలూ ఈ గడపను నవ్వుతూ దాటుదురుగాక!"