సారెలో వచ్చిన చంద్రం

ఆ కాలానికి వీధికో డైనోసార్ తిరుగుతోంది. ఏనాడో ఉల్క దెబ్బకు భూమ్మీంచి ఎగిరి చంద్రుడి మీద పడ్డ రాయిలో, అక్కడి మంచుకి చెక్కుచెదరకుండా ఉన్న డీఎన్‌ఏతో పొదిగించినవని అందరూ నమ్మారు. వీరవేణికైతే ఒకదాన్ని, వాటిని పొదిగించే హేచరీలో పనిచేసే అన్న పోసిబాబు పుట్టింటి సారెతో పాటు గంపలో పెట్టి తెచ్చాడు. పళ్లూ, పొడవాటి తోకా ఉన్న ఆ పిల్లకి ఆమె చంద్రం అని పేరు పెట్టుకుంది. కోళ్లు డైనోసార్ల సంతతేనని విని, దాని మునిమనవళ్లని దాని కళ్లముందే ఎలా కోస్తామంటూ ఇంట్లో కోడికూర మానిపించింది.

ఊళ్లో కోళ్లకు తెగులు సోకిన రోజు పోసిబాబు చెప్పులతోనే వంటింట్లోకి దూసుకొచ్చి, చంద్రం నోట్లో మందు చుక్కలు వేశాడు.

"కోళ్ల మందు దీనికెందుకన్నియ్యా?"

"ఉండవే! మా హేచరీలో దీంతోపాటు పొదిగిన కోళ్లన్నీ మెడలు వాల్చేశాయి," అనేసి నాలిక కరుచుకున్నాడు.

"మరి చంద్రుడి మీద దొరికిందన్నావు?"

"దొరికింది ఉత్త రాయేనమ్మా. అందులో డీఎన్‌ఏ ఎప్పుడో చచ్చిపోయిందంట. కోడిగుడ్డులోనే పళ్లూ తోకా వచ్చేలా చేత్తన్నాం. ఊరందరికీ ఇవే అమ్మాం."

వీరవేణి చంద్రాన్ని ఒళ్లోకి లాక్కుని, దాని మూతి కొంగుతో తుడిచింది.

"ఊరందరికీ అమ్మావు. నాకు మాత్రం సారె పెట్టావు. కోడైనా ఇది నా పుట్టింటిదే."