ప్రకటనల జాగా

పాత పేపర్లన్నీ కంప్యూటర్ తెరమీదికి ఎక్కాక, వాటిలోని పాత ప్రకటనలు తీసేసి ఆ జాగాని రోజూ కొత్తగా అమ్ముతున్నారు. నాగరత్నం చిన్నప్పుడు తప్పిపోయిన వారం నాటి పేజీలో ఇవాళ్టి సబ్బు మెరుస్తోంది.

"నా కోసం ఎవరన్నా వెతికారో లేదో తెలియాలయ్యా," అంది, అనాథాశ్రమంలో పెరిగిన ఆ అరవయ్యేళ్ల మనిషి.

లైబ్రరీ గుమాస్తా మస్తానయ్య, అప్పటి పేపర్లని ఉన్నవున్నట్టు ఫొటో తీసి దాచిన ఆ నెల మైక్రోఫిల్మ్ రీలు తీశాడు. పాడైన ఫిల్ముకుండే వెనిగర్ కంపు గుప్పుమంది.

"పెళుసైపోయిందమ్మా. ఒక్కసారే తిరుగుద్ది."

తిప్పుతుంటే, చూసిన పేజీ చూసినట్టే ముక్కలై రాలిపోతోంది.

"ఆగయ్యా!"

'కనబడుటలేదు. రత్నం, వయసు నాలుగేండ్లు. ఎడమ బుగ్గన కాలిన మచ్చ.'

ఆమె చెయ్యి బుగ్గమీదికి పోయింది.

"ఇంకా తిప్పయ్యా."

మర్నాడూ ఉంది. ఆ మర్నాడూ ఉంది. ప్రకటన చిన్నదవుతూ వచ్చింది గానీ, నెలాఖరు దాకా ఒక్కరోజూ మానలేదు.