క్యారియర్ మీద బరువు

రిపేరుకొచ్చిన దర్జీగారి సైకిల్ మీద మా షాపు చుట్టూ మూడు చుట్లు తిరిగొచ్చాను. చైను ఒక్కసారి కూడా జారలేదు.

“చైను బిగువుగానే ఉంది. నా ప్రాణం తియ్యకండి మాస్టారూ! ఎక్కడ జారుతోంది?”

“పొద్దున పనికెళ్ళేప్పుడు, ఇంటి నుంచి బస్టాపు దాకా. ఆ తర్వాత జారదు.”

వెనక చక్రానికి చైను పట్టే ఫ్రీవీల్ తుడిచి చూశాను. పళ్ళు అరిగి సూదుల్లా ఉన్నాయి.

“ఇదీ సంగతి! ఒక్కరే తొక్కితే ఏం కాదు. వెనక ఇంకొకరు కూర్చుంటే ఆ బరువుకి జారుతుంది. బస్టాపు దాకా ఎవర్ని ఎక్కించుకుంటున్నారు?”

ఆయన ఖాళీ క్యారియర్‌ని చేత్తో తుడిచారు.

“మా ఆవిడ అక్కడే దిగేది. పోయి ఏడాదయింది.”

కొత్త ఫ్రీవీల్ కోసం చెయ్యి చాపాను.

“మార్చొద్దు. అలాగే ఉండనీ.”

సైకిలెక్కి, ఒక కాలు నేలకి ఆనించి, వెనక ఎవరో సర్దుకుని కూర్చునేదాకా ఆగినట్టు ఆగారు. తర్వాత తొక్కారు.

చైను టక్కున జారింది.