లేచే ముందు

“మళ్ళీ ఏడిపించి ఇంటికి పంపిస్తాండావు పాపా,” అంది పెద్దావిడ కమలమ్మ, శ్వేతతో.

సమావేశం అయిపోయింది. ప్రొద్దుటూరు చర్చి హాల్లో గుండ్రంగా వేసిన కుర్చీల్లోంచి అందరూ కళ్ళు తుడుచుకుంటూ లేస్తున్నారు.

జమ్మలమడుగు రోడ్డులో బడి పిల్లల ఆటో ఆగి ఉన్న లారీకి గుద్దుకుని ఏడాది కావస్తోంది. పిల్లలను పోగొట్టుకున్నవాళ్ళు నెలకోసారి ఇక్కడ కలుస్తారు. వాళ్ళ చేత మాట్లాడించడం శ్వేత పని. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున పులివెందుల నుంచి బస్సులో వస్తుంది. ఈ పనికి కొత్త.

మాట్లాడించడం ఆమెకు తెలుసు. ముగించడమే తెలియడం లేదు.

ఒకసారి కాసేపు మౌనంగా కూర్చోమంది. ఆ మౌనంలో ఏడుపు ఇంకా పెరిగింది. ఇంకోసారి, ఇంటికి ఏం తీసుకువెళుతున్నారో ఒక్క మాటలో చెప్పమంది. శిక్షణలో నేర్పిన పద్ధతి అది.

“ఏముంది మేడమ్, ఖాళీ చేతులు,” అన్నాడు బాషా. అతని కూతురు సుహానా రెండో తరగతి చదివేది.

చివరికి ఒకరు దేవుణ్ణి, ఒకరు రోడ్డును, ఒకరు ఇంకెవరినో తిట్టుకుంటూ లేచిపోయేవారు.

“ఇంటికి పోయి పొయ్యి కాడ నిలబడల్ల. ఉన్న బిడ్డలకు అన్నం పెట్టల్ల,” అంది కమలమ్మ. “లేసే ముందు కొంచెం ఓపికిచ్చి పంపియ్యి.”

“ఎలాగో మీరే చెప్పండి పెద్దమ్మా.”

కమలమ్మ ఆలోచించింది. “వాళ్ళు యెట్ల పోయినారో చెప్పుకుంటాండాం. లేసే ముందు యెట్ల ఉన్నిందీ చెప్పుకుందాం.”

హాలు బయట మెట్టు మీద ఆసియా అనే ఆమె కూర్చుని ఉంది. ప్రతి నెలా వస్తుంది. అక్కడే కూర్చుంటుంది. అందరూ బయటికి రాకముందే వెళ్ళిపోతుంది. మగవాళ్ళున్నారని మొహమాటమేమో అనుకుంది శ్వేత. ఆ రోజు దగ్గరకు వెళ్ళి పలకరించింది.

“మీ వాళ్ళు కూడా ఆ ఆటోలో ఉన్నారా అమ్మా?”

“ఉన్నాడు మేడమ్. నా కొడుకు. ఒక్కడే.”

“మరి లోపలికి రండి.”

“ఈడికి ఇనపడతాండాది లే మేడమ్.”

శ్వేత లోపలికి తిరిగి, వచ్చే నెల నుంచి ఆమెకూ ఒక కుర్చీ వేయమంది. బాషా తల దించుకున్నాడు. కొడుకును పోగొట్టుకున్న వేదవతి సంచీ తీసుకుని చరచరా వెళ్ళిపోయింది.

“ఆమె ఆడనే కూసుంటాది లే పాపా,” అంది కమలమ్మ.

తర్వాతి నెల కమలమ్మ చెప్పినట్టే చేశారు. లేచే ముందు ఒక్కొక్కరూ బిడ్డ పేరు చెప్పి, ఒక్క ముచ్చట చెప్పాలి. పక్కనున్నవాళ్ళు చెయ్యి పట్టుకోవాలి. అప్పుడు అందరూ కలిసి “మా బిడ్డే” అనాలి.

కమలమ్మే మొదలుపెట్టింది. “మనోహర్. నా మనవడు. ఏ పొద్దూ చెప్పులు తిరగేసే ఏసుకుంటాండె. ఎన్నిసార్లు చెప్పినా అంతే.”

“మనోహర్ మా బిడ్డే,” అన్నారంతా.

“సుహానా,” అన్నాడు బాషా. “నేను పండుకుంటే సాలు, నా గడ్డానికి జడ ఏస్తాండె. ఒకసారి సూసుకోకుండా రిబ్బన్‌తోనే అంగడికి పోయినా.”

ఎవరో నవ్వారు. ఆ హాల్లో అదే మొదటి నవ్వు. బాషా కూడా నవ్వాడు.

వేదవతి వంతు వచ్చింది. ఆమె భర్త గుడిలో పూజారి. ఎప్పుడూ గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంటుంది.

“శశాంక్. హోమ్‌వర్క్ చెయ్యకుంటే కడుపునొప్పి అంటాండె. ఆ పొద్దూ అన్న్యాడు. నేనే తిట్టి, రెక్క పట్టుకుని ఆటో ఎక్కించి...”

“అది వద్దు వేదమ్మా,” కమలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. “కడుపునొప్పి కాడికే చెప్పు.”

“కడుపునొప్పి అంటాండె,” అంది వేదవతి. “బడి టైము దాటినాక దోసెలు అడుగుతాండె.”

“శశాంక్ మా బిడ్డే.”

అందరి వంతూ అయిపోయింది. కానీ ఎవరూ లేవలేదు. ఆసియా కూడా ఆ రోజు వెళ్ళిపోలేదు.

వేదవతి కుర్చీలోనే మెల్లగా వెనక్కి తిరిగింది. చాలాసేపు గుమ్మం వైపు చూసింది.

“నువ్వు చెప్పలేదే ఆసియా.”

ఆసియా లేచి గుమ్మం పట్టుకుని నిలబడింది. “నేను చెప్పొచ్చునా అక్కా?”

వేదవతి తన కుర్చీ పక్కకు జరిపింది. ఆసియా లోపలికి వచ్చి, ఆ సందులో నేల మీద కూర్చుంది.

“లాల్ బాషా,” అంది. “లేస్తానే పాటలు పాడతాండె. గొంతేమో బాగుండదు. ఇరుగుపొరుగోళ్ళు తలుపులు ఏసుకుంటాండ్రి.”

ఎవరూ నవ్వలేదు. ఎవరూ “మా బిడ్డే” అనలేదు. శ్వేత నోరు తెరవబోయింది. కమలమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

బయట ఏదో బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

వేదవతి వంగి ఆసియా చెయ్యి పట్టుకుంది.

“లాల్ బాషా... మా బిడ్డే.”

సుహానా నాన్న బాషా అన్నాడు. కమలమ్మ అంది. ఆ తర్వాత ఒక్కొక్కరే అన్నారు. ఆసియా వేదవతి ఒడిలో తల పెట్టుకుని ఏడ్చింది.

శ్వేతను బస్సు ఎక్కించడానికి కమలమ్మ కూడా నడిచింది. బస్టాండు దగ్గర పడ్డాక శ్వేత ఉండబట్టలేక అడిగేసింది.

“ఆమె కూడా బిడ్డను పోగొట్టుకున్న తల్లే కదా పెద్దమ్మా. ఇన్నాళ్ళూ ఎందుకు బయట కూర్చోబెట్టారు?”

కమలమ్మ ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఆ పొద్దు పిల్లోళ్ళ ఆటో తోలింది లాల్ బాషానే పాపా.”